పోకర్ బేసిక్స్ అంటే ర్యాంకింగ్ చార్టు కాదు

మా పిన్ని కొడుకు గుంటూరు నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నువ్వు టెక్సస్‌లోనే ఉన్నావుగా, పోకర్ బేసిక్స్ ఎలా నేర్చుకోవాలో చెప్పు, వీడియోలు చూశా, ర్యాంకింగ్స్, అదే ఏ ముక్కలు దేని మీద గెలుస్తాయో ఆ చార్టు, మొత్తం బట్టీ కొట్టేశా, ఇంకేం కావాలి?" అని. వాడికి రెండు ముక్కల్లో జవాబిద్దామని మొదలుపెడితే అది ఇంత పొడుగైంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

టెక్సస్‌లో ఉంటే పోకర్ వచ్చేస్తుందనుకోవడం గుంటూరులో పుట్టినవాళ్ళందరికీ మిర్చి వ్యాపారం తెలుసనుకోవడం లాంటిదే. కాకపోతే మేం ఆడే హోల్డెమ్ అనే పోకర్ రకం పుట్టింది మాత్రం ఇక్కడే, కార్పస్ క్రిస్టీ పక్కన రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో అని టెక్సస్ శాసనసభ 2007లో తీర్మానం చేసి మరీ చెప్పుకుంది. మేం కొందరం డాలస్ పక్కన ఒక ఫ్రెండ్ వాళ్ళ గరాజ్‌లో శుక్రవారం రాత్రుళ్ళు ఆడతాం, మనిషికి ఇరవై డాలర్లు, ఇంటివాళ్ళు కమీషన్ తీసుకోరు. ఇక్కడి చట్టంలో కూడా అదే మెలిక, ప్రైవేటు ఇంట్లో ఆడుకోవచ్చు కానీ గెలిచింది తప్ప ఎవరూ పైసా వెనకేసుకోకూడదు. ఆ గరాజ్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పించీ, వాళ్ళని చూసీ నాకు గట్టిపడ్డ అభిప్రాయం ఒకటుంది. మనం బేసిక్స్ నేర్పే వరసే తప్పు. చార్టు అరగంట పని. అసలు మొదటి పాఠం ముక్కలు పారేయడం, అంటే ఆ పంపకం నుంచి తప్పుకోవడం, దాని తర్వాత ధర కట్టడం, అంటే పెట్టే డబ్బుకి గెలిచే అవకాశం సరిపోతుందా అని చూడటం, బ్లఫ్, అంటే లేనిది ఉన్నట్టు ఆడటం, అన్నిటికన్నా ఆఖర్న. ఇంకోటి కూడా ఉంది గానీ అది ఎవరికీ నచ్చదు, చివర్లో చెప్తా.

చార్టు సంగతి

చార్టు అక్కర్లేదని కాదు. అందులోనూ మూడు ముక్కలాట ఆడి పెరిగినవాళ్ళకి దానితో ఒక తంటా ఉంది. మన ఆటలో కలర్ (అన్నీ ఒకే రంగు, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ ఆఠీన్లో) కన్నా సీక్వెన్స్ (వరస ముక్కలు) పెద్దది కదా, పోకర్‌లో అది తిరగబడుతుంది, కలరే పెద్దది. మా గరాజ్‌లో ఒకాయన, నెల్లూరు వైపు, సంక్రాంతికి ఆడే ఆటల్లో ఆరితేరినవాడు, 5-6-7-8-9 పరిచి పాట్ (మధ్యలో పోగైన డబ్బు) మొత్తం దగ్గరికి లాక్కున్నాడు, ఎదుటివాడు ఐదు ఇస్పేట్లు చూపిస్తూనే ఉన్నాడు. "సీక్వెన్స్ రా బాబూ" అంటాడు ఈయన. చార్టు తీసి చూపిస్తే "ఇది అమెరికా వాళ్ళ తిక్క" అన్నాడు.

తిక్కేం కాదు, లెక్క. మూడు ముక్కల్లో మొత్తం 22,100 రకాలుగా పడొచ్చు, అందులో మామూలు సీక్వెన్సులు 720, కలర్లు 1,096, సీక్వెన్స్ అరుదు కాబట్టి అదే పెద్దది. ఐదు ముక్కలకి వచ్చేసరికి మొత్తం 25,98,960, అందులో సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108 మాత్రమే, అంటే ఇక్కడ కలరే అరుదు. ఏది తక్కువసార్లు పడుతుందో అది గెలుస్తుంది, అంతే. సరదాగా ఒక మాట, ఈ రూల్‌ని సరిగ్గా పాటించనిది మన ఆటే. మూడు ముక్కల్లో ట్రయల్స్ (మూడూ ఒకటే) 52, ప్యూర్ సీక్వెన్సులు (ఒకే రంగు వరస) 48, అయినా ట్రయల్‌నే పైన కూర్చోబెట్టాం. మూడు ఆసులు పడ్డవాడి ముందు ఆ లెక్క చెప్పే ధైర్యం ఎవరికీ లేక కాబోలు.

ఇలా ఎందుకో తెలిస్తే చార్టు బట్టీ కొట్టక్కర్లేదు, ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. ఇంకొక్క తేడా గుర్తుంటే చాలు, మన దగ్గర ఆసు-రెండు-మూడు రెండో పెద్ద సీక్వెన్స్, పోకర్‌లో ఆసు నుంచి ఐదు దాకా పేర్చింది అన్నిటికన్నా చిన్న సీక్వెన్స్. మా తమ్ముడు ఇక్కడిదాకా వచ్చేశాడు, వచ్చి ఆట వచ్చేసిందనుకుంటున్నాడు, నా బాధ అదే.

పారేయడం రాకపోతే

హోల్డెమ్‌లో చేతికి రెండు ముక్కలే ఇస్తారు, ఇంకో ఐదు అందరికీ కలిపి మధ్యలో విడతలుగా పరుస్తారు, మొత్తంలో మంచి ఐదు లెక్కలోకి వస్తాయి. చేతిలోని రెండూ 1,326 రకాలుగా పడొచ్చు, ఏ రంగన్నది వదిలేసి, రెండూ ఒకే రంగా కాదా అన్నది మాత్రం చూస్తే 169 రకాలు. వీటిలో తొమ్మిది మంది కూర్చున్న టేబుల్ దగ్గర నిజంగా ఆడదగ్గవి ఐదింట ఒకటి కూడా ఉండవు అని నేను నేర్పేటప్పుడు చెప్తా. ఇంకా కచ్చితంగా ఉండేవాళ్ళు ఇంకా తక్కువ అంటారు. ఆసుల జత కోసం కూర్చుంటే సగటున 221 పంపకాలకి ఒకసారి వస్తుంది. అంటే ఈ ఆట ఎక్కువ భాగం ముక్కలు చూసి, పక్కన పెట్టి, మిగతావాళ్ళు ఆడుతుంటే పల్లీలు తింటూ కూర్చోవడం.

ఇది టీవీలో కనపడదు. ఆటగాళ్ళ ముక్కల్ని కెమెరాలో చూపించడం మొదలయ్యాక పోకర్‌కి జనం పెరిగారు నిజమే, కానీ వాళ్ళు కోసి కోసి చూపించేవన్నీ లక్షలు తోసేసే పంపకాలు. ముక్కలు పారేసి కూర్చున్న గంటల్ని ఎవడు చూపిస్తాడు? అవి చూసి వచ్చినవాడు మొదటి రోజు ప్రతి పంపకంలోనూ ఉంటాడు, లేకపోతే ఆడనట్టే అనుకుంటాడు. మా దగ్గర ఒక ఫ్రెండ్ వాళ్ళ బావగారు ఉన్నారు, మంచి మనిషి, ఏడు-రెండు వచ్చినా, అదీ వేరే వేరే రంగులైనా, "చూద్దాం, పోయేదేముంది" అని ఒక డాలర్ పెడతారు. పోయేది ఆ డాలరే. గంటకి పాతిక పంపకాలు అనుకోండి, పోయేదేముంది అనుకుంటూనే ఆయన ఇరవై డాలర్లూ మొదటి గంటలో కరిగిపోతాయి, పెద్ద దెబ్బ ఒక్కటీ తగలకుండానే.

మూడు ముక్కలాట మనకి సరిగ్గా దీనికి ఉల్టా నేర్పింది అని నా అనుమానం. అందులో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడితే సగం పెడితే చాలు, చూసినవాడు రెండింతలు పెట్టాలి. అంటే చూడకుండా ఉండటానికే బహుమానం. చూసి ప్యాక్ చేసేవాడికి పిరికివాడన్న పేరు కూడా.

దీనికి మా ఆవిడ ఒక మాట అంది, అది నిజమే. "మరి రమ్మీ? పదమూడు ముక్కలు చూడగానే డ్రాప్ కొట్టడం మనవాళ్ళకి తెలీదా?" అని. తెలుసు. 101 పూల్‌లో (101 పాయింట్లు చేరినవాడు బయటికి పోయే రమ్మీ) మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి తగిలితే 80, ఈ లెక్క మా తాతలకి కూడా కంఠతా వచ్చు. చిన్న నష్టం ఇప్పుడే ఒప్పుకుని పెద్ద నష్టం తప్పించుకోవడం అంటే ఇదే. నేను గమనించినంతలో రమ్మీ బాగా ఆడేవాళ్ళు పోకర్ తొందరగా పట్టుకుంటారు, మూడు ముక్కలవాళ్ళు ఆలస్యంగా. కానీ రమ్మీలో డ్రాప్ ఎక్కువగా మొదట్లోనే, ముక్కలు చూసిన వెంటనే. పోకర్‌లో కష్టం ఏంటంటే పది డాలర్లు పెట్టాక, జత కూడా పడ్డాక, ఆఖరి ముక్క దగ్గర ఎదుటివాడు గట్టిగా తోస్తే, ఇంతసేపూ కాపాడుకుంటూ వచ్చిన రాజుల జతని పారేయాలి. పెట్టిన పది మీవి కావు, అవి మధ్యలోవి. ఇది నోటితో చెప్పడం తేలిక. చేతికి మాత్రం నెలలు పడుతుంది.

ధర కట్టడం

లెక్క అనగానే జనం భయపడతారు గానీ ఇందులో ఉన్నది కూరగాయల బజారు లెక్కే. ఒకటి దగ్గరగా చూద్దాం.

మీ చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను ఎనిమిది. మధ్యలో నాలుగు ముక్కలు పరిచారు, అందులో రెండు ఆఠీన్లు. ఇంకొక్క ముక్క రావాలి, అది ఆఠీనైతే మీది అన్నిటికన్నా పెద్ద కలర్. మధ్యలో 12 డాలర్లు ఉన్నాయి, ఎదుటివాడు 6 పెట్టాడు. మీరు 6 పెట్టాలా వద్దా?

పదమూడు ఆఠీన్లలో నాలుగు కనిపిస్తున్నాయి, మిగిలినవి 9. మీకు కనిపించని ముక్కలు మొత్తం 46. అంటే 46కి 9, దగ్గర దగ్గర ఇరవై శాతం. ఇప్పుడు ధర చూడండి. మధ్యలో 18 ఉన్నాయి, మీ 6 కలిస్తే 24, ఆ 24 కోసం మీరిచ్చేది 6, అంటే నాలుగో వంతు, ఇరవై ఐదు శాతం. వచ్చే అవకాశం ఇరవై, అడుగుతున్న ధర ఇరవై ఐదు. పారేయండి. అదే ఎదుటివాడు 3 మాత్రమే పెట్టి ఉంటే? మధ్యలో 15, మీ 3తో 18, ఆరో వంతు, పదిహేడు శాతం కూడా లేదు. పెట్టండి. ముక్కలు అవే, మనిషీ అతనే, ధర మారింది, జవాబు మారింది.

టేబుల్ దగ్గర 46తో భాగించుకుంటూ కూర్చోలేరు కాబట్టి అందరూ వాడే అడ్డదారి ఉంది, మీకు పనికొచ్చే ముక్కల్ని లెక్కపెట్టి, ఇంకొక ముక్కే రావాల్సి ఉంటే రెండుతో గుణించండి, రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో. తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది, తొమ్మిది నాలుగులు ముప్ఫై ఆరు, అసలు లెక్కకి దాదాపు దగ్గర. ఇది పూర్తి లెక్క కాదు, ఆఖరి ఆఠీను పడ్డాక ఎదుటివాడి దగ్గర ఇంకో పది లాగగలిగితే ఆ 6 పెట్టినా కొన్నిసార్లు కిట్టుబాటవుతుంది, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ "లాగగలిగితే" దగ్గరే మునుగుతారు, కాబట్టి మొదట్లో అది మర్చిపోవడం మంచిది.

సరిగ్గా ఇలాంటి పంపకమే మా దగ్గర కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాడికి పడింది. ధర ఎక్కువ, పెట్టకూడదు, పెట్టాడు, ఆఠీను పడింది. గరాజ్ అంతా చప్పట్లు. తర్వాత నెలంతా ఆ కుర్రాడు రెండు ఆఠీన్లు కనిపిస్తే చాలు ఎంతైనా పెట్టేవాడు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళే అతనికి తప్పు పాఠం చెప్పారు అని నేనంటే నన్ను తేడాగా చూశారు. "గెలిచాడు కదన్నా" అంటారు. గెలిచాడు. ఐదుసార్లలో ఒకసారి గెలుస్తాడని లెక్కే చెప్తోంది కదా, ఆ ఒక్కసారి మొదటే వచ్చింది, అది అతని దురదృష్టం అంటాను నేను.

నైపుణ్యం ఉంది సరే, ఎప్పుడు తేలుతుంది

ముందు ఎవరికీ నచ్చదన్నది ఇదే. పోకర్ స్కిల్ గేమా, అదృష్టమా అన్న గొడవ మన కోర్టుల్లో చాలా కాలంగా నడుస్తోంది. రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది, ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిందే. పోకర్‌కి వచ్చేసరికి కర్ణాటక హైకోర్టు 2013లో ఒక రకంగా, గుజరాత్ హైకోర్టు 2017లో ఇంకో రకంగా. యాప్‌ల వాళ్ళయితే ప్రతి ప్రకటనలో "ఇది నైపుణ్యం" అని ఊదరగొట్టారు. నా మటుకు పోకర్‌లో నైపుణ్యం ఉంది, అందులో నాకు సందేహం లేదు. అయితే నేర్చుకునేవాడికి ఆ మాట ఓదార్పుగా తప్ప ఎందుకూ పనికిరాదు.

ఎందుకంటే 2017లో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ లిబ్రాటస్ అనే పోకర్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు ప్రొఫెషనల్స్ మీద గెలిచింది గుర్తుందా, అప్పుడు ఎవరు గొప్పో తేల్చడానికి వాళ్ళు ఆడిన పంపకాలు 1,20,000. ఊరికే కాదు, అదృష్టం పాలు కొట్టుకుపోవాలంటే అన్ని కావాలి. ఇప్పుడు మా గరాజ్ లెక్క వేయండి. గంటకి పాతిక, రాత్రికి నాలుగు గంటలు, వంద. ఏడాదికి యాభై శుక్రవారాలు ఒక్కటీ మానకుండా ఆడినా ఐదు వేలు. 1,20,000 ఆడాలంటే ఇరవై నాలుగేళ్ళు. ఈలోపు నేను మూడు శుక్రవారాలు వరసగా గెలిచానని, నాకు ఆట వచ్చేసిందని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? ఆసుల జత పట్టుకుని రాజుల జత మీద అంతా తోసేసినవాడు కూడా ఐదుసార్లకి దాదాపు ఒకసారి ఓడిపోతాడు, అదీ చేయగలిగినంత బాగా చేశాక.

ఒప్పుకోవాల్సిన ఎదురు వాదన ఉంది. అంత తేడా కనపడటానికి లక్ష పంపకాలు కావాలన్నది దాదాపు సమానమైనవాళ్ళ మధ్య, ఆ ఏడు-రెండు బావగారి లాంటి వాళ్ళకీ బాగా ఆడేవాళ్ళకీ మధ్య తేడా నెల రోజుల్లోనే తెలిసిపోతుంది కదా అంటారు. నిజమే, తెలుస్తుంది. కానీ డబ్బు కోసం వెళ్ళే చోట కొత్తవాడి ఎదురుగా కూర్చునేది బావగారు కాదు, కొత్తవాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. అక్కడ బావగారు మనమే. దానికి తోడు ప్రతి పాట్ నుంచీ ఇంత శాతమని టేబుల్ నడిపేవాడు తీసుకునే చోట సమానంగా ఆడే ఇద్దరూ కూడా నెమ్మదిగా ఓడిపోతూ ఉంటారు, ఎవరి మీద ఓడిపోయారో తెలీకుండా.

జనానికి గుర్తుండేది మాత్రం 2003. టెనెసీలో అకౌంటెంట్, పేరు కూడా మనీమేకర్, ఆన్‌లైన్‌లో 86 డాలర్ల చిన్న ఆటతో మొదలై లాస్ వేగస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడాది అందులో ప్రధాన పోటీ అయిన మెయిన్ ఈవెంట్‌లో కూర్చున్నది 839 మంది, మూడేళ్ళ తర్వాత 2006కి అది 8,773 అయింది. ఒక్కడి కథ విని అంతమంది వెళ్ళారు, మిగతా 838 మంది కథ ఎవరూ అడగలేదు. మా తమ్ముడు కూడా అడగలేదు. వాడి మెసేజ్‌లో రెండో భాగం అదే, "నెలకి ఒక పది పదిహేను వేలు వస్తాయాన్నా?" అని.

రావు రా. ముందు అది చట్టబద్ధం కూడా కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో స్కిల్ పేరుతో ఉన్న సందులు మూసేశాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ తలుపేసింది. ఆ చట్టం మీద నాకు పూర్తి ఒప్పుదల లేదు, తలుపేస్తే జనం కిటికీలు వెతుక్కుంటారు, దొంగ యాప్‌ల దగ్గరికి వెళ్తారు అన్న భయం ఉంది. కానీ యాప్‌లో అప్పు చేసి ఆడి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో చూశాక, తెరిచే ఉంచమని అడిగే నోరు కూడా నాకు లేదు.

డబ్బు లేకుండా నేర్చుకోవచ్చా

ఇక్కడే నాకు అసలు చిక్కు. నేనేమో పారేయడమే మొదటి పాఠం అంటున్నా, పోయేది ఏమీ లేనప్పుడు ఎవరైనా ఎందుకు పారేస్తారు? ఉచిత యాప్‌లలో చూడండి, ప్రతివాడూ మొదటి పంపకానికే కోటి చిప్స్ తోసేస్తాడు, పోతే ఇంకో కోటి ఇస్తారు. అక్కడ నేర్చుకునేది పోకర్ కాదు. డబ్బు పెడితేనేమో పైన చెప్పిందంతా.

మేం ఇంట్లో వేరే దారి పట్టాం. పండగలకి ఆడవాళ్ళు, పిల్లలు కలిసి ఆడేటప్పుడు డబ్బు ముట్టుకోం. చింతపిక్కలతో ఆడదామనుకుంటే ఇక్కడ ఇండియన్ స్టోర్లో దొరికేది అంతా గింజ తీసిన చింతపండే, అందుకని రాజ్మా గింజలు. మనిషికి వంద, మళ్ళీ ఇవ్వడం ఉండదు. గింజలు అయిపోయినవాళ్ళు లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాలి, మొదట అయిపోయినవాళ్ళకి పప్పు మాడిన కుక్కర్. నమ్మరు గానీ ఆ కుక్కర్ ఇరవై డాలర్ల కన్నా గట్టిగా పనిచేసింది, పదేళ్ళ పిల్లలు కూడా ఏడు-రెండు చూసి పక్కన పెడుతున్నారు. పోయేది డబ్బే అయి ఉండక్కర్లేదు, కాకపోతే తిరిగి రాకూడదు, కాస్త నొప్పి కూడా ఉండాలి.

మొదటి రెండు మూడు ఆటలు ముక్కలన్నీ తెరిచి ఆడిస్తాం, అందరి చేతులూ అందరికీ కనిపిస్తాయి, ఎవరు ఏం చేయాలో టేబుల్ అంతా వాదించుకుంటుంది. ఒక్కసారి అలా చూస్తే ఆఖర్న మాట్లాడే, అంటే ఆఖర్న పందెం వంతు వచ్చే చోటు ఎంత లాభమో చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది, ముందు మాట్లాడేవాడు గుడ్డిగా పెట్టాలి, ఆఖరివాడు అందరూ ఏం చేశారో చూసి పెడతాడు. అవే ముక్కలు ఆ కుర్చీలో ఆడదగ్గవి, ఈ కుర్చీలో పారేయదగ్గవి.

బ్లఫ్ గురించి పిల్లలే ఎక్కువ అడుగుతారు. కళ్ళజోడు పెట్టుకుని మొహం చదవడం కాదది. వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త పోకర్‌ని లెక్కల్లోకి దింపినప్పుడే తేల్చాడు, అప్పుడప్పుడు లేనిది ఉన్నట్టు ఆడకపోతే నీకు నిజంగా ఉన్నప్పుడు ఎవరూ డబ్బు పెట్టరు, అందుకే బ్లఫ్. అంటే ఎదుటివాడికి పారేయడం వచ్చి ఉండాలి. "చూద్దాం, పోయేదేముంది" అనే బావగారి మీద బ్లఫ్ చేయడం అంటే గోడకి చెప్పుకోవడమే. కొత్తవాళ్ళు ఆడే చోట కొత్తవాళ్ళు నేర్చుకునే మొదటి విద్య బ్లఫ్ కావడం నాకెప్పుడూ వింతే.

మా ఇంటి ఆటలో ఎక్కువగా మిగిలేది మా వదిన. గుంటూరులో ఉన్నప్పుడు కాలనీలో చీటీలు నడిపింది, పాట రోజు ఎవరికి డబ్బు అవసరమో వాళ్ళు నోరు తెరవకముందే చెప్పేది. ఒక రాత్రి రాణుల జత పట్టుకుని, మధ్యలో నలభై గింజలు ఉండగా పారేసింది. ఎదుటివాడు మూడు ఎనిమిదులు చూపించాడు. ఎలా తెలిసిందని అడిగితే "ఇంతసేపూ ఒక్కో గింజా లెక్కపెట్టుకుంటూ పెట్టినోడు ఇప్పుడు లెక్కపెట్టకుండా తోశాడు" అంది. ఆవిడకి ర్యాంకింగ్ చార్టు ఇప్పటికీ సరిగ్గా రాదు, ఫుల్ హౌస్ (మూడు ఒకటే, ఇంకో జత) పెద్దదా కలర్ పెద్దదా అని పక్కనున్న పిల్లని అడుగుతుంది.

గరాజ్‌లో మాత్రం ఒక గొడవ ఇంకా తెగలేదు. రాత్రికి రెండుసార్లే చిప్స్ కొనాలి, నలభై డాలర్లు పోతే ఇంటికి వెళ్ళాలి అని నేను రూల్ పెట్టించా. సగం మందికి నచ్చలేదు, పెద్దవాళ్ళం, సంపాదించుకుంటున్నాం, మూడోసారి కొంటే నీకేంటి అంటారు. నలభైకీ అరవైకీ ఎవరి ఇల్లూ మునగదు, అది నాకూ తెలుసు. కానీ మూడో ఇరవై తీసినవాడి ఆట నేను చూస్తూనే ఉన్నా, మొదటి గంటలో పారేసిన ముక్కలన్నీ ఇప్పుడు ఆడతాడు, ధర అడగడు, పోయినవి తెచ్చుకోవాలన్న తొందర తప్ప ఏదీ ఉండదు. వచ్చే నెల మళ్ళీ ఓటింగ్ పెడతారట, ఈసారి నా రూల్ పోయేట్టే ఉంది, ఎందుకంటే ఎక్కువ ఓడిపోయేవాళ్ళే ఎక్కువమంది, వాళ్ళకే మూడోసారి కావాలి.